ఇంటి ముంగిట ఇంజన్ ఆయిలు మార్పు – ఒక భౌతికశాస్త్ర పాఠం

(ద్వితీయ సంవత్సరం ఎం.ఎస్సీ. విద్యార్థి, భౌతికశాస్త్ర శాఖ)

ఈ సంచికకు వ్యాసమొకటి వ్రాసి ఇమ్మని విద్యార్థి సంఘ కార్యదర్శి అడిగినప్పుడు, "ఏ విషయం మీద?" అన్నాను. "నీకు బాగా తెలిసిన విషయం మీద" అన్నాడు. గదికి వచ్చి క్వాంటం సిద్ధాంతం మీద నాలుగు పంక్తులు వ్రాసి, చదువుకొని, చింపివేశాను. అది నాకు పరీక్ష వరకే తెలుసు. చేతులతో తెలిసినది, నష్టపోయి నేర్చుకున్నది ఒక్కటే ఉన్నది. అది మా నాయన పికప్ బండికి ఇంజన్ ఆయిలు మార్చడం.

మిత్రులు నవ్వవచ్చును. విశ్వవిద్యాలయ సంచికలో మెకానిక్ షెడ్డు పని ఏమిటని అడగవచ్చును. ఐతే, మనం ప్రయోగశాలలో కొలిచే స్నిగ్ధతకూ, ఒక కుటుంబం తినే అన్నానికీ ఎంత దగ్గర సంబంధం ఉన్నదో నాకు తెలిసింది ఆ షెడ్డులోనే. కావున ఓపికతో చదవవలసినదిగా కోరుతున్నాను.

బండి ఆగిన రోజు

మాది మదనపల్లె దగ్గర ఒక పల్లె. మా నాయనకు ఉన్న ఆస్తి సెకండ్ హ్యాండులో కొన్న ఒక డీజిల్ పికప్ బండి. చుట్టుపక్కల రైతుల టమాటా క్రేట్లు మదనపల్లె మార్కెట్టుకు తోలడం, కిరాయి కుదిరితే చెన్నై కోయంబేడు దాకా పోయి రావడం ఆయన పని. 2023 జూలైలో టమాటా ధర ఎట్లా ఆకాశానికి అంటినదో అందరికీ గుర్తు ఉండే ఉంటుంది. ఆ నెలంతా మా బండికి నిద్ర లేదు. రాత్రి ఎక్కిస్తే తెల్లవారేసరికి చెన్నై, తిరిగి సాయంత్రానికి ఇల్లు, మళ్ళీ లోడు.

ఆయిలు మార్చవలసిన గడువు అప్పటికే దాటిపోయి ఉన్నది. బండితో వచ్చిన పుస్తకంలో పదివేల కిలోమీటర్లకు ఒకసారి, లేదా ఏడాదికి ఒకసారి, ఏది ముందైతే అప్పుడు మార్చమని ఉన్నది. నేను సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒకసారి అడిగాను కూడా.

"నాయనా, ఆయిలు మార్చి ఎన్నాళ్ళయింది?"

"సీజన్ అయిపోనీరా. ఒక పూట షెడ్డులో పెడితే ఒక లోడు పోతాది. ఇంజను బాగానే ఉందిలే."

నేను ఊరుకున్నాను. అప్పుడు నేను బి.ఎస్సీ. చివరి సంవత్సరంలో చేరబోతున్నాను. ఆముదంలో చిన్న చిన్న ఉక్కు గుండ్లు వదిలి, అవి దిగే వేగాన్ని బట్టి స్నిగ్ధత కనుగొనే ప్రయోగంలో నాకు మంచి మార్కులు వచ్చి ఉన్నవి. ఆ రికార్డు పుస్తకం చక్కగా అట్ట వేసి పెట్టెలో పెట్టుకున్నాను. అయినా ఇంటి ముందరి బండి గేజి పుల్ల ఒక్కసారి బయటికి లాగి చూడాలన్న బుద్ధి పుట్టలేదు.

ఆగస్టులో ఒకనాడు కోయంబేడులో సరుకు దింపి, ఖాళీ క్రేట్లతో వస్తూ మొగిలి ఘాటు ఎక్కుతుండగా డాష్ బోర్డు మీద ఎర్ర దీపం మిణుకుమన్నదట. ఆయిలు డబ్బా బొమ్మ గల దీపం అది. వైరు లూజై ఉంటుందనుకొని నాయన ముందుకే నడిపినాడు. కాసేపటికి ఇంజన్లో సుత్తితో కొట్టినట్లు టకటకమని చప్పుడు, ఆ పైన ఒక్క కుదుపు. బండి ఆగిపోయింది. మళ్ళీ తిరగలేదు.

మదనపల్లెకు లాగించుకొని వచ్చి ఇంజను విప్పించినప్పుడు నేనూ అక్కడ ఉన్నాను. అడుగున ఆయిలు నిలిచే తొట్టిని మన మెకానిక్కులు ఛాంబరు అంటారు. అది విప్పితే ఆయిలుకు బదులు తారు వంటి నల్లని ముద్ద కనబడింది. ఆయిలు పంపు పీల్చుకొనే గొట్టం మూతికి చిన్న జల్లెడ ఉంటుంది. ఆ జల్లెడ కళ్ళన్నీ పూడుకొనిపోయి ఉన్నవి. పంపు పీల్చుదామన్నా ఆయిలు రాదు. క్రాంకు మీద బేరింగుల మెత్తని లోహపు పూత కరిగి గీకుకొనిపోయింది. పాత బిల్లు, మీటరు రీడింగు పక్కపక్కన పెట్టి చూస్తే తేలిందేమనగా, అదే ఆయిలుతో పందొమ్మిది వేల కిలోమీటర్లు నడిచింది. ఇంకొక సంగతి కూడా బయటపడింది. ఫిల్టరు తుప్పు పట్టి, మీద అక్షరాలు చెరిగి ఉన్నది. అంతకు ముందు ఎక్కడో ఆయిలు మార్చినవారు ఫిల్టరు మార్చకుండానే డబ్బు తీసుకున్నారు. దగ్గర నిలబడి చూసుకోకపోవడం మా తప్పు.

ఖర్చు ఎనభై నాలుగు వేలు. నా ఎం.ఎస్సీ. చదువుకని అమ్మ కట్టుకుంటూ వచ్చిన చీటీని నష్టానికి పాడుకొని తెచ్చిన డబ్బు అది. బండి ఇరవై రెండు రోజులు షెడ్డులోనే ఉన్నది. ఆ ఇరవై రెండు రోజుల్లో మాకు ఏళ్ళ తరబడి కిరాయి ఇచ్చిన ఇద్దరు రైతులు వేరే బండి కుదుర్చుకున్నారు. ఆయిలు, ఫిల్టరు కలిపి మార్చడానికి అయ్యేది మూడు వేల చిల్లర మాత్రమే.

నాయన నన్ను ఒక్క మాట అనలేదు. "నువ్వు చదివేది ఇదే కదరా" అని మాత్రం అన్నాడు. అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు, నిజంగానే అడిగినాడు. ఆ ప్రశ్నకు జవాబుగా నేను నేర్చుకున్నది ఈ క్రింద వ్రాస్తున్నాను.

కందెన ఎట్లా పనిచేస్తుంది?

ఎడ్ల బండి ఇరుసుకు కందెన పెట్టడం మన పెద్దలకు కొత్త కాదు. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి పూసేవారు. సుమతీ శతకకారుడు సైతం ఇరుసు కందెనను ఉపమానంగా వాడుకున్నాడు. నేటి కాస్ట్రాల్ అన్న ఆయిలు పేరు కూడా ఇంగ్లీషులో ఆముదానికి ఉన్న పేరు నుండే పుట్టింది. ఐతే కందెన పూస్తే బండి తేలికగా నడుస్తుందని తెలియడం వేరు, ఎందుకు నడుస్తుందో తెలియడం వేరు.

ఆ రెండవది తెలిసిన కథ బహు ముచ్చటైనది. 1883లో ఇంగ్లండులోని మెకానికల్ ఇంజనీర్ల సంస్థ కోరిక మీద బీచమ్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసు బేరింగుల మీద ప్రయోగాలు చేశాడు. ఇరుసు అడుగు భాగం నూనెలో మునిగి తిరుగుతూ ఉంటుంది, బేరింగు పైనుండి బరువు మోపుతుంది. నూనె పోయడానికని బేరింగు నడినెత్తిన ఒక రంధ్రం పెట్టాడు. చూడబోతే, ఆ రంధ్రంలో నుండి నూనె లోపలికి పోవడానికి బదులు పైకి తన్నుకొని వచ్చింది! బెండు బిరడా బిగించాడు, దానిని నెట్టివేసింది. కొయ్య మేకు బిగించాడు, దానినీ నెట్టివేసింది. ఆఖరుకు పీడనమాపకం తగిలిస్తే ముల్లు చదరపు అంగుళానికి 200 పౌన్లు దాటిపోయింది. బేరింగు మీద మోపిన సగటు బరువు చదరపు అంగుళానికి 100 పౌన్లు మాత్రమే.

దీని అర్థమేమి? తిరిగే ఇరుసు తనతోబాటు నూనెను ఇరుకు సందులోనికి లాక్కొనిపోతున్నది. అట్లా ఇరుక్కున్న నూనెలో పీడనం పుట్టి బరువును పైకెత్తి పట్టుకొంటున్నది. ఇనుము ఇనుమును తాకడమే లేదు. 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ దీనికి గణిత సమీకరణం కట్టాడు. ద్రవగతి శాస్త్రం తరగతిలో రేనాల్డ్స్ సంఖ్య అని మనం వల్లె వేసే రేనాల్డ్సే ఈయన.

మన పికప్ ఇంజనులో జరిగేదీ ఇదే. క్రాంకుకూ బేరింగుకూ నడుమ ఆయిలు పొర బరువు పడిన చోట మైక్రానుల్లో ఉంటుంది, అనగా తలవెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. ఆ పొర మీదనే లోడు ఎత్తిన ఇంజను బలమంతా ఆడుతున్నది. పొర నిలవాలంటే మూడు కావాలి: తగిన స్నిగ్ధత, తగిన వేగం, ఎడతెగని సరఫరా. మా బండికి మూడవది తెగిపోయింది.

రెండవదాని గురించి ఒక మాట. ఆగి ఉన్న ఇంజనులో ఆ పొర ఉండదు. తిరగడం మొదలయ్యాకే పుడుతుంది. కాబట్టి ఇంజనుకు ఎక్కువ అరుగుదల కలిగే ఘడియల్లో స్టార్టు చేసే ఘడియ ఒకటి. తెల్లవారుజామున స్టార్టు చేస్తూనే ఆక్సిలరేటరు తొక్కేవారు ఈ సంగతి గమనించవలెను.

ఇప్పుడొక చిన్న లెక్క. బండి సగటున గంటకు 40 కిలోమీటర్లు నడిచినదనుకొంటే పదివేల కిలోమీటర్లకు 250 గంటలు పడుతుంది. ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరిగితే గంటకు లక్షా ఇరవై వేలు, మొత్తం మూడు కోట్ల చుట్లు. రెండు చుట్లకు ఒక్కసారి చొప్పున ప్రతి సిలిండరులోనూ కోటిన్నర సార్లు డీజిల్ మండుతుంది. ఒక్క మారు పోసిన ఆయిలు ఇంత చాకిరీ చేస్తున్నది!

ఆయిలు ఎందుకు చచ్చిపోతుంది?

"నూనె ఇంకిపోకుండా ఉంటే చాలు గదా, మార్చడమెందుకు?" అని మా ఊళ్ళో చాలామంది అడుగుతారు. ఆయిలు పని ఘర్షణ తగ్గించడం ఒక్కటే ఐతే ఆ ప్రశ్న సబబే. కాని అది వేడిని మోసుకొనిపోతుంది, మసిని కడుగుతుంది, పిస్టను రింగుల సందు మూస్తుంది, తుప్పు రాకుండా కాపాడుతుంది. ఇన్ని పనులు చేయడానికి నూనెలో కొన్ని రసాయనాలు కలుపుతారు. మసి రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా విడదీసి ఉంచేవి కొన్ని. దహనంలో పుట్టే ఆమ్లాలను విరిచే క్షారాలు కొన్ని. లోహం లోహాన్ని తాకబోయినప్పుడు అడ్డుపొర కట్టే జింకు, భాస్వర సంయోగ పదార్థాలు కొన్ని. నూనె ఎంత మిగిలినా ఇవి ఖర్చైపోతాయి. ఖర్చైన తరువాత మసి ముద్ద కడుతుంది, నూనె గాలితో కలిసి ఆక్సీకరణం చెంది చిక్కబడుతుంది, ఆమ్లం బేరింగులను కొరుకుతుంది. మా ఛాంబరులో చూసిన తారు అదే.

ఇక్కడ రెండు అపోహలు తొలగించవలెను. మొదటిది, నల్లబడితే ఆయిలు చెడినట్లేనన్నది. డీజిల్ ఇంజనులో కొత్త ఆయిలు కొద్ది రోజులకే నల్లబడుతుంది. అంటే మసిని తనలో పట్టి ఉంచుతున్నదన్నమాట, అది దాని ధర్మం. రెండవది, వేళ్ళ నడుమ రాసి చూసి జిగురు ఉన్నది కాబట్టి ఇంకా నడుస్తుందన్నది. క్షారం ఉన్నదో అయిపోయిందో ఏ వ్రేలికీ తెలియదు. కాబట్టి రంగును గాని జిగురును గాని నమ్మరాదు. కిలోమీటర్లను, తేదీని నమ్మవలెను. బరువు లోడ్లు, ఘాట్లు, దుమ్ము రోడ్లు ఉన్న బండికి గడువు కంటె ముందే మార్చడం మేలు.

డబ్బా మీది అక్షరాలు

అంగడికి పోయి "డీజిల్ బండికి ఆయిలు ఇవ్వండన్నా" అంటే చాలదు. డబ్బా మీద రెండు గుర్తులు చూడాలి.

మొదటిది 15డబ్ల్యూ–40 వంటి సంఖ్య. 1905లో అమెరికాలో స్థాపితమైన ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం 1911 నుండి నూనెలను స్నిగ్ధతను బట్టి ఈ తీరున వర్గీకరిస్తూ వస్తున్నది. డబ్ల్యూ అక్షరం చలికాలానికి గుర్తు. 15డబ్ల్యూ అంటే సున్నాకు 20 డిగ్రీల దిగువ చలిలో కూడా ఇంజనును తిరగనిచ్చేటంత పలుచన. మదనపల్లెలో ఎంత చలి పెట్టినా అంత పెట్టదు. అయినా తెల్లవారుజామున స్టార్టు చేసినప్పుడు ఆయిలు చప్పున పైకెక్కడానికి ఈ గుణం ఉపకరిస్తుంది. తరువాతి 40 వేడి మీది చిక్కదనానికి గుర్తు. 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని స్నిగ్ధత సెకనుకు 12.5 నుండి 16.3 చదరపు మిల్లీమీటర్ల లోపు ఉండాలి. మామూలు వాతావరణంలో నీటి స్నిగ్ధత ఇదే కొలతలో సుమారు ఒకటి. అనగా నీళ్ళు మరిగేటంత వేడిలో సైతం ఈ ఆయిలు చన్నీళ్ళ కంటె పన్నెండింతలకు పైగా చిక్కగా ఉంటుంది. వేడికి ఆముదం ఎంత పలుచబడిపోతుందో మన ప్రయోగశాలలో చూసినవారికి ఇదెంత గొప్పో తెలుస్తుంది.

రెండవది సి.ఐ.–4, సి.కె.–4 వంటి అక్షరాలు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ పద్ధతిలో సి అక్షరం డీజిల్ ఇంజనులకు, ఎస్ అక్షరం పెట్రోలు ఇంజనులకు. సి తరువాతి అక్షరం ముందుకు పోయినకొద్దీ కొత్త ప్రమాణం. సి.ఐ.–4 వచ్చింది 2002లో, సి.కె.–4 వచ్చింది 2016లో. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.–6 ప్రమాణం అమలైంది. అప్పటినుండి వచ్చిన డీజిల్ బండ్లలో చాలావాటికి పొగగొట్టంలో మసిని పట్టే వడపోత ఉన్నది. ఎక్కువ బూడిద మిగిల్చే పాత రకం ఆయిలు ఆ వడపోతను పూడ్చివేస్తుంది. మా బండి అంతకు ముందుది కాబట్టి సి.ఐ.–4 సరిపోతున్నది. మీ బండికి ఏది కావాలో, ఎన్ని లీటర్లు పడుతుందో బండి పుస్తకమే ప్రమాణం. పక్కింటివారి బండిని చూసి కొనరాదు.

పని చేయు విధము

కావలసినవి: సరైన ఆయిలు, కొత్త ఫిల్టరు, డ్రైను బోల్టుకు కొత్త వాషరు, సరిపోయే రింగు పానా, ఫిల్టరు విప్పే పట్టీ, వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు, గరాటు, పాత గుడ్డలు, రబ్బరు గ్లౌజులు. వాడిన ఆయిలు మాటిమాటికీ చర్మానికి అంటితే మంచిది కాదు. ప్రయోగాల్లో ఎలుకలకు చర్మపు క్యాన్సరు తెప్పించిన పదార్థం అది. కావున గ్లౌజులు బడాయి కొరకు కాదు.

1. బండిని చదునైన నేల మీద నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి, చక్రాలకు ముందూ వెనుకా రాళ్ళు పెట్టవలెను. పికప్ బండి నేలకు ఎత్తుగానే ఉంటుంది గనుక జాకీ అవసరం చాలావరకు రాదు. వచ్చినా జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి క్రిందికి దూరరాదు. ఇది అన్నిటికంటె ముఖ్యమైన మాట.

2. న్యూట్రలులో ఇంజనును ఐదు నిమిషాలు నడిపి ఆపి, మళ్ళీ గేరులో పెట్టి, పది నిమిషాలు ఆగవలెను. గోరువెచ్చని ఆయిలు పలుచనై మురికిని వెంటబెట్టుకొని దిగుతుంది. మరీ వేడిగా ఉంటే చేతులు కాలుతాయి. పైన ఆయిలు పోసే మూత తీసి పెడితే గాలి ఆడి ధార చక్కగా పడుతుంది.

3. ఛాంబరు అడుగున ఉన్న డ్రైను బోల్టు పానాతో వదులు చేసి, చివరి మరలు చేతితో విప్పవలెను. బోల్టును పైకి నొక్కిపట్టి విప్పి, ఒక్కసారిగా పక్కకు తీయాలి. లేకుంటే ఆయిలు మోచేతి దాకా కారుతుంది, బోల్టు టబ్బులో పడుతుంది. మొదటిసారి నాకు రెండూ జరిగినవి. ధార పోయి చుక్క చుక్కగా మారే దాకా, అరగంటైనా సరే, ఆగవలెను.

4. కొత్త వాషరు వేసి బోల్టు బిగించవలెను. బలం ఉన్నది కదా అని బలమంతా చూపరాదు. మరలు తెగితే ఛాంబరే మార్చాలి. మొదట చేతితో మరలు సరిగా ఎక్కించి, పుస్తకంలో చెప్పినంత బిగువే ఇవ్వాలి.

5. పాత ఫిల్టరు విప్పి, దాని రబ్బరు రింగు కూడా ఊడి వచ్చిందో లేదో చూడవలెను. పాత రింగు ఇంజనుకే అంటుకొని ఉండగా కొత్త ఫిల్టరు బిగిస్తే రింగు మీద రింగు పడి, ఒత్తిడికి ఆయిలంతా బయటికి చిమ్ముతుంది. కొత్త ఫిల్టరు రింగుకు వ్రేలితో కాస్త కొత్త ఆయిలు రాసి, చేతితో తిప్పి, రింగు తగిలిన తరువాత ముప్పాతిక చుట్టు బిగిస్తే చాలును. ఇక్కడ పట్టీ వాడరాదు.

6. పుస్తకంలో చెప్పిన కొలత కంటె అర లీటరు తక్కువ పోసి, గేజి పుల్లతో చూసుకుంటూ కొద్దికొద్దిగా కలపవలెను. రెండు గీతల నడుమ, పై గీతకు దగ్గరగా ఉండాలి. ఎక్కువ పోస్తే మంచిదే గదా అనుకోరాదు. క్రాంకు ఆయిలును చిలికి నురుగు చేస్తుంది, నురుగు బరువు మోయలేదు. టవర్ చూసిన ఆ పీడనం గాలి బుడగల్లో పుట్టదు.

7. మళ్ళీ న్యూట్రలుకు తెచ్చి స్టార్టు చేసి, ఆక్సిలరేటరు ముట్టకుండా ఎర్ర దీపం కేసి చూడవలెను. ఫిల్టరు నిండేదాకా కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. ఆరకపోతే వెంటనే ఆపవలెను. తరువాత క్రిందికి వంగి ఎక్కడైనా కారుతున్నదేమో చూసి, ఇంజను ఆపి, ఐదు నిమిషాలాగి మళ్ళీ గేజి చూసుకోవాలి.

8. తేదీ, మీటరు రీడింగు వ్రాసి పెట్టవలెను. ఇది చేయనందుకే మా బండి ఘాటులో ఆగింది.

నేను చేసిన తప్పు

మొదటిసారి అంతా సవ్యంగా చేశానన్న సంతోషంలో ఒక పాపం చేశాను. టబ్బులోని పాత ఆయిలును పశువుల కొట్టం వెనుక గుంతలో పోసి మట్టి కప్పాను. వారం తిరగకుండా వాన వచ్చింది. ఆ గుంత నుండి ఊరిన నీరు దిగువనున్న కుంటలో చేరి, నీళ్ళ మీద ఇంద్రధనుస్సు రంగుల పొర పరచుకున్నది. మా గేదె మూతి పెట్టి, వాసన చూసి, వెనక్కి తిరిగింది. ఆమె చదువుకోలేదు, అయినా నాకంటె ముందు తెలుసుకున్నది. అమ్మ అప్పటినుండి ఎండాకాలం వచ్చేదాకా బోరు నీళ్ళు బిందెలతో మోసి గేదెలకు తాపింది.

ఆ పొర అంత వేగంగా ఎట్లా పరచుకున్నదంటే, దానికి కూడా మన శాస్త్రంలో కథ ఉన్నది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండన్ దగ్గరి క్లాఫాం చెరువులో ఒక చెంచాడు నూనె పోసి చూస్తే, అది సుమారు అర ఎకరం మేర పరచుకొని అలలను అణచివేసింది. ఆ సంగతి 1774లో రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. చెంచాడుకే అర ఎకరమైతే, నేను పోసినది ఆరు లీటర్ల పైచిలుకు! పైగా అది ఉత్త నూనె కాదు, అరిగిన లోహాలు, మసి, ఆమ్లాలు కలిసిన నూనె.

మన దేశంలో వాడిన నూనె 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల క్రిందికి వస్తుంది. 2024 ఏప్రిల్ 1 నుండి నూనె తయారుచేసేవారు, దిగుమతి చేసేవారు వాడిన నూనెను తిరిగి శుద్ధి చేయించే బాధ్యత వహించాలన్న నియమం కూడా అమలులోనికి వచ్చింది. నిజానికి వాడిన ఆయిలులో మూల నూనె చాలావరకు చెడకుండానే ఉంటుంది. మురికిని, ఖర్చైన రసాయనాలను తీసివేస్తే మళ్ళీ వాడవచ్చును. మా వైపు దానిని వాసాలకు చెదలు పట్టకుండా పూస్తారు, సెంట్రింగు రేకులకు రాస్తారు. అడిగినవారికి ఇవ్వడం సులభమే గాని, అది చివరకు చేరేది మట్టిలోకి, నీటిలోకి. ఇప్పుడు నేను పాత ఆయిలును ఖాళీ డబ్బాల్లోనే నింపి, మూత బిగించి, శుద్ధి కర్మాగారానికి పంపే అధీకృత వ్యాపారికి చేరే చోట ఇస్తున్నాను. పాత ఫిల్టరును కూడా బోర్లించి ఒక రాత్రి ఉంచితే అందులోని ఆయిలు దిగుతుంది.

మనవి

ఇంత వ్రాసి నేను చెప్పదలచుకున్నది, ప్రతి ఒక్కరూ మెకానిక్కు కావాలని కాదు. పని తెలిసిన మేస్త్రీ చేతిలో బండి పెట్టడం ఏ విధంగానూ తప్పు కాదు. అయితే ఏమి జరుగుతున్నదో తెలిసినవాడు పక్కన నిలబడితే మార్చని ఫిల్టరుకు డబ్బు కట్టడు, ఎర్ర దీపాన్ని వైరు లూజని అనుకోడు. మనం చదివే చదువు ఇంటి గడప దాటి లోపలికి పోకపోతే, అందులో నష్టం మనవారికే.

విద్యార్థి సంఘానికి ఒక విన్నపం. మన హాస్టళ్ళ ముందు మోటారు సైకిళ్ళు ఎన్ని ఉన్నవో మీకు తెలుసు. ఒక్కొక్కదానిలో సుమారు లీటరు ఆయిలు ఉంటుంది. చాలామంది మిత్రులు సెలవునాడు హాస్టలు వెనుకనే ఆయిలు మార్చుకొని కాలువలో పారబోయడం నేను చూశాను. వర్కుషాపు పక్కన మూత గల ఒక పీపా పెట్టించి, నిండినప్పుడు అధీకృత వ్యాపారికి అప్పగించే ఏర్పాటు సంఘం చేయాలని కోరుతున్నాను. నెలకొక ఆదివారం ఉదయం ఆయిలు మార్చడం నేర్పడానికి నేను సిద్ధం. గ్లౌజులు ఎవరివి వారు తెచ్చుకోవలెను.

మా నాయన ఇప్పుడు డ్రైవరు సీటు వెనుక ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకున్నాడు. అందులో ఆయన వ్రాత వంకర టింకరగా ఉంటుంది గాని, తేదీలు, కిలోమీటర్లు తప్పు లేకుండా ఉంటాయి. కిందటి నెల ఫోను చేసి, "ఒరే, ఇంకా ఎనిమిది నూర్లు ఉండాది. ఈ ఆదివారం వస్తావా, నేనే మార్చుకునేదా?" అన్నాడు. "నువ్వే మార్చు నాయనా, రబ్బరు రింగు మాత్రం చూసుకో" అన్నాను. "అది నాకు చెప్పాల్నా" అన్నాడు.